ఈ పిల్లను ఏడిపించవద్దు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ఇంట్లో వాళ్ళు నా ముందే అంటారు, ఆపరేషన్ థియేటర్‌లో వాళ్ళు నేను బయటికి వెళ్ళాక అంటారు. ఖమ్మంలో మెదడుకూ వెన్నుపాముకూ ఆపరేషన్లు చేస్తాను. ఆడదాన్ని కాబట్టి వచ్చిన వాళ్ళలో సగం మంది నన్ను "సిస్టరమ్మా" అంటారు, మిగతా సగం మంది "పెద్ద డాక్టరు ఎప్పుడొస్తడు?" అని అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు "వచ్చి కూసున్నడు, ఏమైందో చెప్పు" అంటాను.

కోపం తగ్గడానికి ప్రార్థన చెయ్యమని మా చర్చి పాస్టరుగారు సలహా ఇచ్చారు. చేశాను. ప్రార్థన అయిపోయాక కూడా కోపం ఉన్నచోటే ఉంది, పైగా సలహా ఇచ్చినందుకు ఆయన మీద కూడా వచ్చింది. అలాంటిదాన్ని ఒక పిల్ల ముందు కొన్ని నెలలపాటు గొంతు పెంచకుండా బతికాను. ఆ పిల్ల దగ్గర ఎవరూ అరవకూడదు. అరిస్తే ఏడుస్తుంది. ఏడిస్తే కుడిచెయ్యి పోవచ్చు, మాట పోవచ్చు, మనిషే పోవచ్చు. ఇన్నాళ్ళు మింగిన కోపం ఇంకా అరగలేదు. అందుకే రాస్తున్నాను.

చర్ల దాటి అడవిలోకి పోతే వచ్చే ఒక గూడెం వాళ్ళది. తొమ్మిదేళ్ళ పిల్ల, తల్లి, నాయనమ్మ వచ్చారు. తండ్రి పోడు పనుల్లో ఉండిపోయాడు. ఆటో పట్టుకుని, భద్రాచలంలో బస్సు మారి, ఖమ్మం చేరేసరికి ముగ్గురి మొహాలూ దుమ్ముకొట్టుకుపోయాయి. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునే భాష వేరు. నాయనమ్మకు తెలుగు అంతంత మాత్రమే వచ్చు, అయినా ఎక్కువ మాట్లాడింది ఆవిడే. పిల్ల బిగుతుగా రెండు జడలు వేసుకుని, హాస్టల్ యూనిఫాంలో, నా టేబుల్ మీదున్న పుర్రె బొమ్మను చూస్తూ కూర్చుంది.

"ఏమైంది?" అన్నాను.

"గాలి సోకింది సిస్టరమ్మా" అంది ముసలావిడ.

నాకు ఒళ్ళు మండింది. పిల్ల మెడలో తాయెత్తు, మణికట్టుకు నల్లదారం అప్పటికే చూశాను. బయట ఓపీ కిక్కిరిసి ఉంది. "గాలీ లేదు, ధూళీ లేదు. పిల్లకు ఏమైతదో గది చెప్పు" అన్నాను.

"గదే చెప్తున్న గదా. గాలి వస్తది. చెయ్యి పడిపోతది. మూతి వంకర పోతది. మాట రాదు. జరసేపటికి గాలి పోతది, మళ్ల మంచిగైతది."

తల్లి మెల్లగా అందుకుంది. హాస్టల్‌లో వార్డెన్ మేడం దీన్ని నాటకం అందట. చదువు తప్పించుకోవడానికి, ఇంటికి పోవడానికి వేస్తున్న వేషం అందట. టౌన్లో ఒక పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళారు. అక్కడ తలకు సీటీ తీశారు, ఏమీ లేదన్నారు. "సారు గూడ నాటకమే అన్నడు. గాలి అని చెప్తే నవ్విండు" అంది. ఆ చివరి మాట చెప్పేటప్పుడు తల్లి నా మొహం చూడలేదు. నేనూ నవ్వుతానేమోనని కాబోలు.

ఆ సారు నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో కలుస్తుంటాం. మంచి పేరున్న మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం. నాకంటే పెద్దవాడు కాబట్టి పెళ్ళి భోజనాల దగ్గర నేనే ముందు నమస్కారం పెడతాను.

పిల్లను పరీక్ష చేశాను. నడక బాగానే ఉంది, మాట బాగానే ఉంది. నా రెండు వేళ్ళు గట్టిగా పట్టుకోమంటే ఎడమచేత్తో నొప్పి పుట్టేలా పట్టుకుంది. కుడిచెయ్యి పట్టు కాస్త వదులు. పేరు రాయమంటే అక్షరాలు పెద్దవిగా, తూలుతూ వచ్చాయి. "రాత మంచిగ లేదని టీచరు కొడుతది" అని తనే చెప్పింది. అప్పుడు అడిగాను, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న. "ఇది ఎప్పుడెప్పుడు వస్తది?"

"పొయ్యి ఊదితే వస్తది" అంది ముసలావిడ.

"ఇంకా?"

"ఉడుకుడుకు జావ ఊదుకుంట తాగితే వస్తది."

"ఏడిస్తే గూడ వస్తది మేడం" అంది తల్లి. "బాగ ఏడిస్తే తప్పకుండ వస్తది. బడిల గట్టిగ పాట పాడితే ఒకసారి వచ్చింది."

పెన్ను కింద పెట్టేశాను. ముసలావిడ తన లెక్క తను చెప్పుకుపోతోంది. పిల్ల ఊదేటప్పుడు నోరు తెరిచి ఉంటుంది కదా, అప్పుడు దయ్యం సందు చూసుకుని లోపలికి పోతుందట. దానికి కోడిని కూడా కోశారు. ఆవిడకు దయ్యమూ గాలే, నోటి ఊపిరీ గాలే. రెండు మాటలు అవసరం అనుకోలేదు. ఆవిడ ఎక్కడికి వెళ్ళినా "గాలి" తోనే మొదలుపెట్టింది. ఆ మాట చెవిన పడగానే చదువుకున్న వాళ్ళ చెవులు మూసుకుపోయాయి. అడవి మనిషి, ముసలిది, గాలి అంటోంది, ఇక వినడానికి ఏముంది అనుకున్నారు. ఆ తర్వాతి ముక్క, ఊదితే వస్తది అన్న ముక్క, ఏ డాక్టరు దగ్గరా ఆవిడ నోటి దాకా రాలేదు.

ఎమ్మారై రాసిచ్చి బయట కూర్చోమన్నాను. ఇంకో ఇద్దరు రోగుల్ని చూశానో లేదో, వరండాలో గోల వినపడింది. వెళ్ళి చూస్తే పిల్ల బెంచీ మీద పక్కకు ఒరిగి ఉంది. నాయనమ్మ టీ కొనిచ్చిందట. పొగలు కక్కుతున్న టీ, పిల్ల ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంది. కాగితపు కప్పు కుడిచేతిలోంచి జారి గౌను మీద పడింది. మూతి పక్కకు లాగేసింది. ఏదో చెప్పాలని చూస్తోంది, నాలుక తిరగడం లేదు. వరుసలో నిలబడ్డ ఒకాయన, తెల్లచొక్కా మనిషి, "నాటకాలు ఇవన్నీ, రెండు పీకుండ్రి లేచి ఉరుకుతది" అన్నాడు.

నేలమీద కూర్చుని పిల్ల మొహం నా చేతుల్లోకి తీసుకున్నాను. "మెల్లగ బిడ్డా. ముక్కుతోటి. మెల్లగ గాలి పీల్చు. ఏం కాదు." ఆ పిల్లకు అన్నీ తెలుస్తున్నాయి. తెల్లచొక్కా మనిషి అన్నదీ విన్నది. మాట లేని ఆ మొహంలో కళ్ళు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి, నిజమే మేడం, నిజంగానే అని. ఆ కళ్ళు చూసి కూడా నాటకం అన్న వాళ్ళ మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. పోదు కూడా. కాసేపటికి మూతి సర్దుకుంది, చెయ్యి లేచింది. నేను కూడా లేచి, తెల్లచొక్కా ఆయన్ని ఇంకో డాక్టరుకు చూపించుకోమని పంపేశాను.

ఎమ్మారైలో ఎడమవైపు మెదడులో చిన్న మచ్చ ఉంది, పాతది. ఎప్పుడో వచ్చిన ఒక "నాటకం" ఊరికే పోలేదన్నమాట. ఆ తూలే రాత దాని వల్లే. ఆ మచ్చను నేను చెరపలేను, ఎవరూ చెరపలేరు. గుండె డాక్టర్ల మిషన్ మీద, పిల్లకు మత్తిచ్చి, మెదడు నాళాల్లోకి మందు పంపి చూశాం. మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలు రెండు వైపులా దారంలా సన్నబడిపోయాయి. వాటి చుట్టూ, వేరే దారి లేక పుట్టుకొచ్చిన వెంట్రుకల్లాంటి నాళాలు. స్క్రీన్ మీద అవి లేస్తున్న పొగలా కనిపిస్తాయి. జపాన్ వాళ్ళు ఈ జబ్బుకు పొగ అనే అర్థంలోనే మోయమోయ అని పేరు పెట్టారు. చదువుకునే రోజుల్లో బొమ్మల్లో చాలాసార్లు చూశాను. ఖమ్మం జిల్లాలో, చర్ల పిల్ల తలలో చూడడం అదే మొదలు.

గట్టిగా ఊదినా, వెక్కివెక్కి ఏడ్చినా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడు నాళాలు ముడుచుకుంటాయి. మామూలు పిల్లలకు కళ్ళు తిరుగుతాయి, అంతే. ఈ పిల్లకు ఉన్నదే బొటాబొటి రక్తం. అది కూడా ఆగితే ఎడమ మెదడు పస్తు పడుకుంటుంది, కుడిచెయ్యీ మాటా దానితో పోతాయి. కాసేపు ఆగితే తిరిగొస్తాయి. ఎక్కువసేపు ఆగితే రావు.

ముసలావిడకు స్క్రీన్ చూపించాను. "పొగ లెక్కనే ఉన్నది గదా" అంది, నేనేమీ అనకముందే. "పొయ్యి ముందల కూసోవెడితిమి, పొగ నెత్తిలకు పోయింది." కాదని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆపరేషన్ ఏం చేస్తానో మాత్రం తేలిగ్గానే అర్థమైంది ఆవిడకు. చెవి ముందు వేలు పెట్టి చూసుకోమన్నాను. అక్కడ కొట్టుకునే నాళం తల చర్మానికి రక్తమిస్తుంది. దాన్ని జాగ్రత్తగా విడదీసి, ఎముకకు కిటికీ కోసి, మెదడు మీద పరిచి కుడతాను. నీళ్ళందని మడికి పక్క కాలువ మళ్ళించినట్టు. అక్కణ్ణుంచి కొత్త నాళాలు మెల్లగా మెదడులోకి దిగుతాయి.

"ఎప్పుడు పారుతది?" అంది.

"నెలలు పడుతది."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక ఈ పిల్ల ఏడవొద్దు."

ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏడవని పిల్ల ఏడుంటది?" అంది.

మంచానికి అట్టముక్క కట్టించాను. "ఈ పిల్లను ఏడిపించవద్దు" అని పెద్ద అక్షరాలతో నేనే రాశాను. డ్యూటీ డాక్టరు దాన్ని చూసి నవ్వాడు. నేను చూసిన చూపుకు నవ్వు ఆపేశాడు. సూది వేసే ముందు చర్మం మొద్దుబారే క్రీము రాయాలి, కోడిగుడ్డు అడిగితే కోడిగుడ్డు పెట్టాలి, పక్క మంచం ఆవిడ టీవీలో ఏడుపుగొట్టు సీరియల్ పెట్టకూడదు. పిల్లకు సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బిస్కెట్లు అయిపోతే నర్సును పిలిచి "ఏడుస్త!" అని బెదిరించేది. నర్సు పరుగెత్తేది. ఇంజెక్షన్ మందు ట్రే కనిపిస్తే చాలు, పెదవి కాస్త విరిచి "ఇగ ఏడుస్త" అనేది. వార్డు మొత్తం దాని కాళ్ళ దగ్గర ఉంది. నాటకం అంటే ఇది, చూడండి రా అని నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది.

నాటకమన్న ఆ సారుకు ఫోన్ చేశాను. జబ్బు పేరు చెప్పాను. "అబ్బో, అది ఎక్కడో ఒకరికి వచ్చేది కదమ్మా. మా ఓపీలో అలాంటివి ఎవరు అనుకుంటారు?" అన్నారు. అరుదైన జబ్బు తెలియకపోతే నేను ఎవరినీ తప్పుపట్టను, నాకు తెలియనివి బోలెడున్నాయి. "మీరు జబ్బు పట్టుకోలేదని కాదండీ. ఎప్పుడు వస్తుందని ఒక్క మాట అడగలేదు. నవ్వారట" అన్నాను. నేను చిన్నదాన్ననీ, మాట్లాడే పద్ధతి ఇది కాదనీ చెప్పి పెట్టేశారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఆయన ఒక పక్క, నేను ఒక పక్క తింటున్నాం.

వార్డెన్ కూడా వచ్చింది, పండ్లు పట్టుకుని. వచ్చీ రాగానే మంచం దగ్గర నిలబడి, "ఏందే, దవాఖానాలో గూడ మొదలుపెట్టినవా? మేడం, మీకు ఎరుక లేదు, ఇది మహానటి" అంది. పిల్ల మొహం ముడుచుకుపోయింది. దుప్పటి మీద కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుంది. ఏడుపు వస్తే చెయ్యి పారిపోకుండా పట్టుకుని ఉంచాలన్నట్టు.

నేను నవ్వు మొహం పెట్టాను. నా జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ నవ్వలేదు. "రండి మేడం, మీతో పనుంది" అని చెయ్యి పట్టుకుని మెట్ల దాకా తీసుకుపోయాను. తలుపు వేశాక చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఏమన్నానో అన్నీ రాయను. నా గొంతు కింది అంతస్తు మందుల షాపు దాకా వినపడిందని తర్వాత తెలిసింది. వార్డెన్ ఏడ్చింది. అంతమంది ఆడపిల్లల్ని ఒక్కతే చూసుకోవాలనీ, రోజూ ఎవరో ఒకరు కడుపునొప్పి అంటారనీ, ఏది నిజమో ఎట్లా తెలుస్తుందనీ అడిగింది. అదీ నిజమే. ఆవిడ కష్టం ఆవిడది. అయినా నాకు జాలి కలగలేదు. ఆవిడ ఎంత ఏడ్చినా చెయ్యి పడిపోదు కదా అనుకున్నాను.

ఆపరేషన్ రోజు అసలు భయం కత్తి దగ్గర కాదు, మత్తు దగ్గర. తల్లీ నాయనమ్మా కనబడకుండా, మాస్కులు కట్టుకున్న మనుషుల మధ్య పిల్లను పడుకోబెడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది. ఈ పిల్ల అక్కడ ఏడిస్తే నేను కత్తి పట్టకముందే అన్నీ అయిపోవచ్చు. నాయనమ్మను లోపలికి తెస్తానన్నాను. రూల్సు ఒప్పుకోవని ఆఫీసు వాళ్ళన్నారు. రూల్సు రాసిన వాళ్ళను పిలవండి, పిల్ల ఏడిస్తే వాళ్ళు సంతకం పెట్టాలి అన్నాను. ఎవరూ రాలేదు. ముసలావిడకు పచ్చగౌను తొడిగి, తలకు టోపీ పెట్టి, మత్తు డాక్టరు పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాం. టోపీ చూసి పిల్ల పకపకా నవ్వబోయింది, నాయనమ్మ నోటిమీద వేలు పెట్టింది. పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని వాళ్ళ భాషలో ఏదో పాట సన్నగా ఎత్తుకుంది. పిల్ల ఆ ఒళ్ళోనే నిద్రలోకి జారింది. మత్తు డాక్టరు, ఎవరికీ లొంగని మనిషి, మాస్కు సర్దుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

తలవెంట్రుకలు నాకు కావాలంది ముసలావిడ బయటికి పోతూ. భద్రాచలం రాముడికి మొక్కుకుందట, గోదాట్లో వెయ్యాలట. ఆపరేషన్‌కు గీసిన వెంట్రుకల్ని కవరులో పెట్టి ఇచ్చాం. నేను చర్చికి పోయేదాన్ని, నాకు ఆ మొక్కులతో పని లేదు. అయినా ఒక్క వెంట్రుక కింద పడకుండా నర్సుతో ఏరించాను.

నాళం సన్నగా, చిక్కుడు తీగ కొసలా ఉంది. మైక్రోస్కోపు కింద దాన్ని ఎడమవైపు మెదడు పొర మీద కుట్టాను, కుడివైపు కొన్ని నెలలాగి చెయ్యాలి. పిల్ల లేచాక మొదట అడిగింది కోడిగుడ్డు. మాట స్పష్టంగా ఉంది. ఆ మాట విని నేను బాత్రూంలోకి పోయి కుళాయి విప్పుకుని ఏడ్చాను. వార్డులో ఏడవకూడదని రూలు పెట్టింది నేనే కదా.

వానాకాలం దాటాక కుడివైపు ఆపరేషన్‌కు వచ్చారు. ఈసారి తల్లీ, పిల్లే. "నాయనమ్మేది?" అన్నాను. తల్లి కళ్ళు పిల్ల మీదికి వెళ్ళి నా మీదికి వచ్చాయి. "పెనుబల్లిల మా ఆడబిడ్డ ఇంటికి పోయింది మేడం. ఆమెకు కాన్పు" అంది. పిల్ల నా టేబుల్ మీది పుర్రె బొమ్మ దవడను ఆడిస్తోంది. తల ఎత్తలేదు.

పిల్లను లోపలే ఉంచి, వరండాలో తల్లి అసలు సంగతి చెప్పింది. వానల్లో ముసలావిడకు జ్వరం వచ్చింది. రోజురోజుకూ ముదిరింది. మంచం మీద మోసుకుని వాగు దాకా తెచ్చారు. వాగు పొంగి ఉంది. అవతలి గట్టున అంబులెన్సు నిలబడే ఉంది, లైటు తిరుగుతూనే ఉంది. నీళ్ళు తగ్గేదాకా కూర్చున్నారు. నీళ్ళు తగ్గాయి, అప్పటికి ఆవిడ లేదు. "పోలీసు క్యాంపుకు రోడ్డు పడ్డది మేడం. మా గూడేనికి పడలే" అంది తల్లి, ఎవరినీ నిందించనట్టుగా, ఊరి కబురు చెప్పినట్టుగా. నేను మాత్రం నిందిస్తాను. రోడ్డు వెయ్యని ప్రతివాణ్ణీ, ఆ వాగు మీద వంతెన ఫోటోతో ఓట్లు అడిగి మళ్ళీ కనపడని ప్రతివాణ్ణీ నిందిస్తాను. మెదడులో కాలువ తవ్వాం, అడవిలో ఒక వాగు దాటించలేకపోయాం.

పిల్ల అప్పుడు హాస్టల్‌లో ఉంది. తీసుకురాలేదు. దినాలు కూడా తెలియకుండా చేశారు. తల్లి ఏడవాలనిపిస్తే చేను దాటి అడవిలోకి పోయి ఏడ్చొచ్చేదట. "మీరే అన్నరు గదా మేడం, ఏడిపియ్యొద్దని" అంది. అన్నాను. ఇప్పుడు కూడా అదే అనాలి. ఇంకో వైపు ఆపరేషన్ మిగిలి ఉంది, మొదటి వైపు కాలువ ఇంకా పూర్తిగా పారడం లేదు. "ఇంకా చెప్పకండి" అన్నాను. ఒక తల్లితో అలాంటి మాట చెప్పాల్సి వచ్చినందుకు నాకు ఎవరిమీద కోపం రావాలో తెలియలేదు. దొరికిన వాళ్ళందరిమీదా చూపించాను.

రెండో ఆపరేషన్‌కు పిల్ల తల్లి ఒళ్ళో పడుకుంది. తల్లికి ఆ పాట పూర్తిగా రాదు, మధ్యలో ఆగిపోయింది. పిల్లే మిగతాది పెదవులు కదిపి, గాలి రాకుండా, చప్పుడు లేకుండా పూర్తి చేసుకుంది. నాయనమ్మ ఎప్పుడొస్తుందని అడగలేదు. వార్డులో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగలేదు. కోడిగుడ్డు కోసం "ఏడుస్త" అని బెదిరించడం కూడా మానేసింది. పెద్దదవుతోంది, బుద్ధొస్తోంది అని నర్సులు మెచ్చుకున్నారు.

మళ్ళీ నెలలు గడిచాయి. ఎండాకాలంలో నాళాల పరీక్ష చేశాం. రెండు వైపులా కొత్త దారులు బాగా దిగాయి. పొగ సన్నబడింది. మెదడంతా రక్తం నిండుగా అందుతోంది. కుడిచేతి పట్టు మొదట్లో కంటే మెరుగు, రాత మాత్రం ఇంకా తూలుతోంది, అది అంతే. ఇలాంటి రోజులు నా ఉద్యోగంలో తక్కువ. తల్లీ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాస్త గొప్పగానే చెప్పాను. "మందులు మానొద్దు. మిగతాదంతా నీ ఇష్టం బిడ్డా. పొయ్యి ఊదొచ్చు, జావ ఊదుకుని తాగొచ్చు. గట్టిగ పాట పాడొచ్చు."

"ఏడవొచ్చా?" అంది పిల్ల.

నవ్వాను. "ఏడవొచ్చు. నీకు ఏడుపు ఎందుకు, కోడిగుడ్లు కావాల్నా?"

"చెయ్యి పడిపోదా?"

"పడిపోదు."

"అవ్ అంటె అవ్ అను మేడం. నిజంగ పడిపోదా?"

"అవ్. నిజంగ పడిపోదు."

పిల్ల తల్లి వైపు తిరిగింది. "అయితే ఇప్పుడు నాయనమ్మ కోసం ఏడుస్త" అంది.

పిల్లే చెప్పింది, పాఠం అప్పజెప్పినట్టు. పెనుబల్లి మేనత్తకు కాన్పు వానలకు ముందే అయిందని తనకు తెలుసు. హాస్టల్ నుంచి ఇంటికి పోయిన రోజే నాయనమ్మ మంచం, చావు అయిన ఇంట్లోలా, బయట నిలబెట్టి ఉండడం చూసింది. "నాకు ఎరుకే. ఏడిస్తే చెయ్యి పోతదని ఊకున్న. చెయ్యి పోతే నువ్వు మళ్ల ఏడుస్తవని ఊకున్న" అంది తల్లితో.

ఆ తర్వాత ఏడ్చింది. పిల్లలు ఏడ్చినట్టు కాదు. వాళ్ళ గూడెంలో పెద్ద ఆడవాళ్ళు చావు దగ్గర పాట కట్టి ఏడ్చినట్టు, వాళ్ళ భాషలో, గుండెలు బాదుకుంటూ, నాయనమ్మతో మాట్లాడుతూ. చాన్నాళ్ళుగా లోపల ఒక్కొక్క ముక్కా దాచుకుని పెట్టుకున్నట్టుంది, ఒక్కటీ మరిచిపోలేదు. తల్లి పక్కనే కూలబడి తనూ అందుకుంది. నర్సు తలుపు తోసుకుని "మేడం, ఏడుస్తంది, ఏడుస్తంది!" అని పరుగెత్తుకొచ్చింది. నేను చెయ్యెత్తి ఆపాను. నా కళ్ళు పిల్ల మొహం మీద లేవు. కుడిచేతి మీద ఉన్నాయి. అది తల్లి కొంగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. వెక్కి వెక్కి ఊపిరి తెగిపోతోంది, మూతి వంకర పోలేదు, మాట ఆగలేదు, గుప్పిట వదలలేదు.

బయట వరుసలో ఉన్న వాళ్ళు తలుపు దగ్గరికి చేరారు. లోపల ఏమైందని ఎవరో అడిగారు.

"ఏం కాలే. పిల్ల ఏడుస్తంది, గంతే" అని తలుపు మూశాను.